చూసింది ఒక పక్క, అనుకున్నది ఒక పక్క

మా పాత ఎస్టేటు దొరగారి అక్కగారు పోయారని క్రితం గురువారం ఉత్తరం వచ్చింది. ఫ్రాన్సులో, తను పుట్టిన ఊళ్ళోనే, నిద్రలో పోయారట. దొరగారు ఇంగ్లీషులో నాలుగు వరుసలు రాశారు. మెర్డెకా, అంటే ఈ మలయాకు స్వాతంత్ర్యం, వచ్చిన మరుసటి ఏడే ఆమె ఇక్కడి నుంచి వెళ్ళిపోయారు కనుక మీలో చాలామంది ఆమెను చూసి ఉండరు. చూసినవాళ్ళకు ఆమె వకీలమ్మగారు.

బటాంగ్ బెర్జుంటై దగ్గరి ఆ రబ్బరు ఎస్టేటులో మా ఆయన కిరాణి, ఆఫీసు రాతపని చూసేవారు. యుద్ధం అయిపోయాక వకీలమ్మగారు తమ్ముడి ఇల్లు చూసుకోవడానికి వచ్చారు. వాళ్ళ ఊరి కోర్టులో నల్ల అంగీ తొడుక్కున్న మొదటి ఆడమనిషి ఆవిడేనట. మొదటి మూడేళ్ళు జనం ఆమె ఆఫీసు గుమ్మం దగ్గరే ఆగి, వకీలుగారు ఎప్పుడొస్తారని అడిగేవారట. "వచ్చేశారు, కూర్చోండి అనేదాన్ని. సగంమంది కూర్చునేవారు కారు" అని చెప్పారు. చెప్పేటప్పుడు గొంతులో కోపమేమీ లేదు.

ఇక్కడ నడిచేది ఇంగ్లీషువాళ్ళ చట్టం, ఆమె చదివింది వేరే దేశపు చట్టం. కోర్టులో మాట్లాడే వీల్లేదు. అందుకని లైను ఇళ్ళలో ఉండే ఎస్టేటు కూలీలకు అర్జీలు రాసిపెట్టేవారు. మిషన్ బళ్ళో నేర్చిన ఇంగ్లీషుతో నేను మనవాళ్ళ మాట ఆమెకు విడమరిచేదాన్ని. రబ్బరు పాలు తీసే పైడమ్మ ఒకసారి ఎదుటే అనేసింది, "కోర్టు నేని వకీలంట. ఈయమ్మ ఏటి సేత్తాదో సూడాల" అని. ఏమందో చెప్పమని ఆమె పట్టుబట్టారు, చెప్పాను. "సరిగ్గానే అంది. కొట్టెయ్యడానికి ఒక్క మాట లేదు" అన్నారు.

కొట్టెయ్యడం ఆమె పని పద్ధతి. పొడుగు కాగితాన్ని నిలువుగా మడిచి, కంటితో చూసింది ఎడమ పక్కన, అనుకున్నదీ విన్నదీ కుడి పక్కన రాయమనేవారు. తర్వాత కుడి పక్క అంతా ఎర్ర పెన్సిలుతో కొట్టేసేవారు. "కుడి పక్క నిండితే మనసుకు తేలిక. ఎడమ పక్క నిండితేనే పని జరుగుతుంది" అనేవారు. పాలు లేని టీ తాగుతూ, కప్పు ఎప్పుడూ కాగితానికి దూరంగా కిటికీ మీద పెట్టేవారు.

ఇంగ్లీషు ప్రభుత్వం ఎమర్జెన్సీ పెట్టాక, అడవిలో దాక్కుని దాని మీద పోరాడేవాళ్ళకు తిండి అందకూడదని లైను ఇళ్ళన్నీ ఒక చోటికి మార్చి ముళ్ళకంచె వేశారు. గేటు దాటి గుప్పెడు అన్నం పోకూడదు. పైడమ్మ మొగుడు పోయి అప్పటికి ఏడాది కావస్తోంది. పాత లైన్ల వెనక, వాగు పక్కన పాతిపెట్టారు. తిథి చూసి చెప్పమని నా దగ్గరికి వచ్చింది. కాకి ముద్ద కంచె లోపలే పెట్టుకోమన్నాను.

"ఆడికి ఈ కొత్త కంచె తెల్దు కదమ్మా. పాత సోటుకే వత్తాడు" అంది.

ఆ రోజు తెల్లారగట్ల మా పెరటి అరటాకులో అన్నం ముద్ద కట్టి, రబ్బరు పాల బకెట్టు అడుగున పెట్టి మూత వేసింది. నేను చూశాను. కాకి ముట్టందే ఇంటికి రాకూడదు. కాకి రాలేదు. మధ్యాహ్నం దాటాక గస్తీ సిపాయిలు వెళ్ళేసరికి అడవి అంచున అన్నం ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. ఎవరి కోసమని అడిగితే కాకి కోసమంది. వాళ్ళు నమ్మలేదు, పట్టుకుపోయారు. ఊహ తెలియని వయసులో వదిలి వచ్చిన ఇండియాకు ఓడెక్కించేస్తారని మర్నాటికే లైన్లలో చెప్పుకున్నారు. ఇక్కడే పుట్టిన పదేళ్ళ కూతురు మా వంటింటి గడపలో వచ్చి కూర్చుంది.

"నువ్వు చూసినట్టు ఎవరికి తెలుసు? ఊరుకో. నా ఉద్యోగం పోతే ఈ ఇల్లు కూడా పోద్ది" అన్నారు మా ఆయన. అది నిజమే.

అయినా వకీలమ్మగారి దగ్గరికి వెళ్ళి, పైడమ్మ మంచి మనిషని, ఎప్పుడూ తప్పు చెయ్యలేదని పేజీ నిండా రాశాను. ఆమె చదివారు.

"మంచితనం ఎక్కడ కనిపించింది? ఏ రంగులో ఉంది?" అని ఎర్ర పెన్సిలు తీశారు. చివరికి రెండు వరుసలు మిగిలాయి. "అన్నం చేత్తో పట్టుకెళ్ళిందా?"

"బకెట్టులో."

"అది రాయలేదే?"

"రాస్తే చూసి చెప్పనందుకు నా మీదికి వస్తుంది."

"రావచ్చు" అన్నారు. ధైర్యం చెప్పలేదు, బతిమాలలేదు. "దాచినట్టు వాళ్ళకు ముందే తెలుసు. దాచింది తిథి నాటి ఒక్క ముద్దేనని చూసినవాళ్ళు నువ్వు తప్ప ఇంకెవరూ లేరు. కింద సంతకం నీది కనుక నేను రాయమనను." లేచి వెళ్ళి టీ పెట్టుకున్నారు. ఆమె తిరిగి వచ్చేలోపు బకెట్టు సంగతి రాశాను.

పైడమ్మను ఓడ ఎక్కించలేదు. మూడు వారాలకు వదిలిపెట్టారు. మా ఆయనకు ఆఫీసు నుంచి గట్టి హెచ్చరిక వచ్చింది, ఉద్యోగం నిలిచింది. మెర్డెకా వచ్చాక వకీలమ్మగారు లైను ఇళ్ళ అరుగు మీద కూర్చుని పౌరసత్వం ఫారాలు నింపించారు, అందులో మొదటిది పైడమ్మదే. వేలిముద్ర వేస్తూ పైడమ్మ, "ఇందులోనూ ఏటేనా కొట్టేత్తాదేటి?" అంది. ఈసారి ఎవరూ చెప్పకుండానే వకీలమ్మగారికి అర్థమైంది, నవ్వారు.

నాకు మాత్రం వకీలమ్మగారు అనగానే పైడమ్మ విచారణ జరిగిన రోజే కనిపిస్తుంది. కువాలా సెలంగోర్‌లో ఒక ప్రభుత్వ ఆఫీసు. సాక్షులు తప్ప ఇంకెవరూ లోపలికి రాకూడదని గుమ్మం దగ్గర ఆమెను ఆపేశారు. ఆమె వాదించలేదు. లోపల ముగ్గురు అధికారులు ఒకే ప్రశ్నను నాలుగు రకాలుగా అడిగారు. దగ్గర దగ్గర రెండు గంటలు పట్టింది. బయటికి వచ్చేసరికి ఎండ నడినెత్తి మీద ఉంది. వరండాలో ఖాళీ బెంచీ ఉంది. ఆమె దాని పక్కన, మూసిన తలుపుకు ఎదురుగా, చేతులు ముందు కట్టుకుని నిలబడి ఉన్నారు. పాదాలు వాచి బూట్ల అంచుల మీదికి పొంగాయి. మీరు లోపలికి వెళ్ళినప్పటి నుంచీ అలాగే ఉన్నారని కాపలా అతను మలయ్‌లో చెప్పాడు. ఫ్రాన్సు కోర్టుల్లో తమ వాదన నడుస్తున్నంతసేపూ వకీళ్ళు కూర్చోరట.

"చూసిందే చెప్పావా?" అని అడిగారు.

"చూసిందే చెప్పాను."

అప్పుడు బెంచీ మీద కూర్చుని, వంగి, బూట్ల తాళ్ళు వదులు చేసుకున్నారు.