అతితెలివి కంపైలరు

పలాసలో జీడిపప్పు గ్రేడ్లు వేరుచేసే యంత్రానికి ప్రోగ్రాము రాసింది మా మేనకోడలు. రాసినదాన్ని యంత్రభాషలోకి మార్చే కంపైలర్‌లో వేగం పెంచే సెట్టింగు పెడితే ప్రోగ్రాము మధ్యలోనే కూలిపోయేది. తీసేస్తే నడిచేది, కానీ నత్తలా. సాయంత్రంలోగా బాగుచేయకపోతే యంత్రాన్ని పట్టుకుపొమ్మన్నాడు జీడిపప్పు మిల్లు షావుకారు.

"ఏటి బావా, అతితెలివా?" అని కంపైలర్‌ని తిట్టింది. సొంత బావనైనా అంతగా తిట్టి ఉండదు. ప్రోగ్రాములోని సగం ఫైళ్లకు ఆ వేగం సెట్టింగు తీసి నడపడం, అనుమానం మిగిలిన సగాన్ని మళ్లీ సగం చేయడం, ప్రతి ఫలితమూ నా చేత డైరీలో రాయించడం. చివరికి ఒక్క ఫైలు మిగిలింది. అందులో జీడిపప్పు పలుకులు లెక్కించే చోట మొదట సున్నా పెట్టడం తనే మరిచిపోయింది. వేగం లేనప్పుడు అక్కడ అదృష్టం కొద్దీ సున్నాయే ఉండేది, వేగం పెడితే ఏదో చెత్త అంకె వచ్చి కూర్చునేది.

సున్నా పెట్టగానే యంత్రం పూర్తి వేగంతో నడిచింది. "తప్పెవుడిది?" అన్నాడు షావుకారు.

"నాదే బాబూ."

తిట్టడానికి తెరిచిన నోరు ఆయన మూసుకున్నాడు. "మిషన్లోళ్లు ఎవులూ ఈ మాటనగా ఇన్లేదు. మా మిల్లులో రెండో మిషనూ నువ్వే సూడమ్మా."