సత్తిబాబు మావయ్యకి పోటు తెలుసు

...అని నిన్న అక్కడిదాకా టైప్ చేసి ఆపేశాను. మావయ్య ఫోటో పోస్ట్‌లో పెట్టి, కింద "మావయ్యా" అని ఒక్క మాట ఉంచి, మిగతాదంతా డిలీట్ చేశాను. భయమేసింది.

ఇప్పుడూ భయంగానే ఉంది.

నిన్న పొద్దున బ్రష్ చేసుకుంటుంటే అమ్మ ఫోన్ మోగింది. అది విని అమ్మ వంటగదిలో అలా కిందకి కూర్చుండిపోయింది. మావయ్య వల సర్దుకుంటూ పక్కకి ఒరిగిపోయాడట. హార్ట్ ఎటాక్. హాస్పిటల్‌కి తీసుకెళ్ళేలోపే అయిపోయింది.

చాలాసేపు బ్రష్ నోట్లోనే ఉంది నాకు.

నా స్కూల్ ఫ్రెండ్స్ కోసం చెప్తున్నా. సత్తిబాబు మావయ్య మా అమ్మకి తమ్ముడు. అంతర్వేది దగ్గర సముద్రం మీద వేటకి వెళ్ళేవాడు. నన్ను "అమ్మడూ" అనేవాడు.

పోయిన వేసవిలో రిసార్ట్ ఖరీదెక్కువని నాన్న వద్దన్నారు. మావయ్యేమో, మా ఊరి పక్కన కారవాన్ పార్క్ పెట్టారు, వ్యాన్లలోనే బస, చవక, పిల్లల్ని తీసుకురండి అన్నాడు.

వెళ్ళి చూస్తే సరుగుడు తోటలో నాలుగు పాత వ్యాన్లు. టైర్లు లేవు, కింద ఇటుకలు. లోపల సీట్లు పీకేసి పరుపులు వేశారు. ఫ్యాన్ తిరిగితే వ్యాన్ మొత్తం ఊగేది. మాతో వచ్చిన పిన్ని, అమ్మ చెల్లెలు, ముక్కు మూసుకుంది.

పిన్ని పిల్లలకి మాత్రం అది స్వర్గం. పెద్దది చిన్నుకి ఆరేళ్ళు, వాళ్ళ తమ్ముడు పండుకి నాలుగు. మావయ్య స్టీరింగ్ పట్టుకుని కూర్చునేవాడు. చిన్ను కండక్టర్. ఒకసారి కాశ్మీర్ తీసుకెళ్తున్నానన్నాడు. పండు గంటసేపు కిటికీలోంచి చూసి, "మావయ్యా, మంచు ఇంకా రాలేదేంటి?" అనడిగాడు.

"టైర్ పంచరైంది నాన్నా. నువ్వు పడుకో, లేచేసరికి వచ్చేస్తాం."

నిజంగానే నమ్మి పడుకున్నాడు.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. ఆపలేను.

రెండో రోజు మధ్యాహ్నం. ఒడ్డుకి కొంచెం దూరంలో ఇసుక తిప్ప ఒకటి తేలింది. మధ్యలో మోకాలి లోతు నీళ్ళే. మావయ్య మమ్మల్ని దాటించి, తిప్ప మీద నీళ్ళ అంచున ఒక కర్ర పాతాడు. వేటకెళ్ళేవాళ్ళు అలాగే చేస్తారు. పోటు మొదలై సముద్రం పైకొస్తుంటే కంటికి ముందు తెలియదు, కర్ర చెప్తుంది.

"అమ్మడూ, నీళ్ళు కర్రని తాకాయంటే పిల్లల్ని తీసుకుని వచ్చెయ్. నేనూ ఒడ్డు నుంచి కర్ర చూస్తూనే ఉంటా" అని చెప్పి, చేపలు కాల్చడానికి వెళ్ళాడు.

నేను రీల్ తీసుకుంటున్నాను. పిల్లలు కట్టిన ఇసుక ఇంటికి జెండా కావాలనిపించింది. కర్ర పీకి, నా చున్నీ కట్టి, ఇంటి మీద గుచ్చాను. వీడియో అయ్యాక మళ్ళీ పాతేశాను.

ముందున్న చోట కాదు. పైన. పొడి ఇసుకలో.

ఒడ్డు నుంచి చూస్తే కర్ర పొడిగానే కనిపించింది. ఇంకా టైముందనుకున్నాడు.

"అక్కా, మనం వచ్చిన దారేది?" అని చిన్ను అడిగినప్పుడు ఫోన్ లోంచి తలెత్తాను. దారి లేదు. మధ్యలో నీళ్ళు బురద రంగులో గట్టిగా లాగుతున్నాయి.

మావయ్య అప్పటికే పరిగెత్తుకొస్తున్నాడు. పండుని భుజాల మీద ఎక్కించుకున్నాడు. చిన్నుని చంకన పెట్టుకున్నాడు. నన్ను చొక్కా పట్టుకోమన్నాడు. నీళ్ళు నా ఛాతీ దాకా వచ్చాయి. మధ్యలో చిన్ను జారిపోయింది. ఒక్క క్షణం కనిపించలేదు. మావయ్య చెయ్యి ముంచి, దాని జడ పట్టుకుని పైకి లాగాడు.

ఆ క్షణం నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది. కలలో జడ దొరకదు.

ఒడ్డున పిన్ని ఏడుస్తూ అంది, "సముద్రం మీద బతికేవాడివి, నీకు పోటు తెలీదా అన్నయ్యా?"

మావయ్య తిప్ప వైపు చూశాడు. కర్ర ఎక్కడుందో చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"తప్పు నాదే. కర్ర సరిగ్గా పాతలేదు" అన్నాడు.

సాయంత్రం వ్యాన్ మెట్ల మీద నా పక్కన కూర్చుని, చిన్నగా, "నేను చెప్పనులే. నీకు చెప్పాలనిపించినప్పుడు నువ్వే చెప్దువుగాని" అన్నాడు.

నాకు చెప్పాలని రోజూ అనిపించింది. రోజూ భయమేసింది. పిన్ని పిల్లల్ని మళ్ళీ మావయ్య వాళ్ళింటికి పంపలేదు. మావయ్య ఫోన్ చేసి పండుకి ఇవ్వమంటే, నిద్రపోతున్నాడనేది. నేను పక్కనే ఉండి విన్నాను.

నిన్న మావయ్యని పడుకోబెట్టిన చోట కూడా ఎవరో అన్నారు, మనిషి మంచోడే గానీ నీళ్ళ సంగతి తెలియదు, పిల్లల్ని ముంచేసేవాడు అని. అత్తయ్య విని తల దించుకుంది. ఇరవై ఏళ్ళు వేటకెళ్ళిన మనిషి గురించి.

రేపు చిన్నకర్మ. పిల్లల్ని ఆ ఊరు తీసుకురానని పిన్ని ఇప్పుడే హాల్లో అమ్మతో చెప్తోంది.

పిన్నీ, కర్ర జరిపింది నేను. మావయ్యకి పోటు తెలుసు. పిల్లల్ని రేపు తీసుకురా, ప్లీజ్. నన్ను తిట్టు, కొట్టు, మాట్లాడటం మానెయ్. వాళ్ళని మాత్రం తీసుకురా.

అత్తయ్యా, తల దించుకోవద్దు.

మావయ్యా, చాలా లేట్ చేశాను. ఇక నీ మీద ఏ మాటా లేకుండా, హాయిగా పడుకో.

తలుపు కొడుతున్నారు. నాన్న గొంతు. పోస్ట్ నొక్కేసి ఫోన్ దిండు కింద దాచేస్తున్నా.