రిపేరుకు వెళ్లిన గడియారం

నా చిన్నప్పుడు మా ఇంట్లోంచి ఏ వస్తువు మాయమైనా అది రిపేరుకు వెళ్లిందనే చెప్పేవారు. రాంగోపాల్‌పేట్‌లో మాది పెద్ద ఇల్లు. ఒకప్పుడు పోర్టికోలో కారు, హాల్లో షాండ్లియర్ ఉండేవి. నాకు ఊహ తెలిసేసరికి రెండూ రిపేరులో ఉన్నాయి, హాలును ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రానికి అద్దెకిచ్చారు. ఊరంతా సాఫ్ట్‌వేర్ మాటే వినిపించే రోజులవి. మా వరండా నిండా ఎవరెవరివో చెప్పులుండేవి. మా తాతయ్య ఇస్త్రీ చొక్కా మడత నలగకుండా, ఎటూ చూడకుండా వాటి మధ్యనుంచి నడిచి వెళ్లేవారు. అద్దె మీద బతుకుతున్నామని మాలో ఎవరూ పైకి అనేవారు కాదు. గొప్పగా బతికి చితికినవాళ్లకు అదొక మర్యాద. దాన్ని నేనిప్పటికీ చిన్నచూపు చూడను.

తాతయ్య ఎడమ చేతికి ఒక స్టీలు గడియారం ఉండేది. నల్లటి డయల్, దాని చుట్టూ తిరిగే అంచు. వయసులో ఉన్నప్పుడు విదేశంలో కొనుక్కున్నది. ఆయనకు ఇంగ్లీషు గూఢచారి సినిమాలంటే ప్రాణం. పాత సినిమాల్లో ఆ గూఢచారి పెట్టుకున్నది అచ్చం ఇలాంటిదేనట. ఏ సినిమాలో గడియారం ఇనుము కోసిందో, ఏ సినిమాలో తీగ విసిరి మనిషిని కాపాడిందో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేవారు. నానమ్మ బియ్యం ఏరుతూ వినేది.

"అన్ని జేస్తది గానీ, టైముకు బువ్వకు రమ్మని మాత్రం చెప్పదు మీ తాత వాచీ" అనేది.

నాకు ఆరేళ్లప్పుడు నానమ్మ ఆసుపత్రిలో చేరింది. నాలుగు రోజుల్లో వచ్చేస్తుందని మా మేనత్త చెప్పింది. పిల్లలు జడుసుకుంటారని నన్నూ తన పిల్లలనూ తీసుకెళ్లలేదు. వారాలు గడిచాయి. నానమ్మ దిండు ఎవరూ తీయకుండా నేను దాని మీదే పడుకునేదాన్ని. ఆ రోజుల్లోనే తాతయ్య చేయి బోసిపోయింది. వాచీ రిపేరుకు వెళ్లిందంది అత్త. నేను నమ్మాను. నానమ్మ కోసం చూసినట్టే దానికోసమూ చూశాను.

ఒక ఆదివారం సికింద్రాబాద్‌లోని ఒక థియేటరులో ఆ గూఢచారి పాత సినిమా పొద్దుటాట వేశారు. తాతయ్య ఏమీ చెప్పకుండా నన్ను వెంటబెట్టుకుని వెళ్లారు. కథ నాకేమీ అర్థం కాలేదు. మధ్యలో ఎక్కడో గూఢచారి చొక్కా చేతిని పైకి లాగి టైము చూసుకున్నాడు. తెర నిండా ఆ నల్లటి డయల్.

నేను సీట్లోంచి లేచి నిలబడ్డాను. "తాతా! మన వాచీ! రిపేరైపోయింది!"

హాలంతా నవ్వింది. వెనకనుంచి ఎవరో, "పెద్దాయనా, జెర టైమెంతైందో చెప్పున్రి!" అని అరిచారు. "ఊకోరా, ఆయన సుత గూఢచారే, చెప్తడా?" అన్నారింకొకరు.

తాతయ్య కుడిచేత్తో ఎడమ మణికట్టు కప్పుకున్నారు. సినిమా ముగియకుండానే బయటికి వచ్చేశాం.

మా తాతయ్య బజారులో ఎక్కడబడితే అక్కడ కూర్చునే మనిషి కాదు. పెళ్లిళ్లలో సైతం కుర్చీ తుడిచి వేస్తేగాని కూర్చునేవారు కాదు. అలాంటి మనిషి థియేటరు మెట్ల మీద పల్లీల పొట్టు పక్కకు తోసి కూర్చున్నారు. నన్నూ కూర్చోమన్నారు.

"వాచీ రిపేరుకు పోలే బిడ్డా. అమ్మిన. నానమ్మ దవాఖాన ఖర్చుకు."

"మరి కారు?"

"అది సుత అమ్మిందే."

"షాండ్లియర్?"

ఆయన తలూపారు. నాకు ఏడుపు రాలేదు. ఇంకో ప్రశ్న వచ్చింది.

"మరి నానమ్మ?"

మా అత్త చెప్పిన మాటే ఆయనా చెప్పవచ్చు. ఆరేళ్ల పిల్లను నమ్మించడం ఎంతసేపు? ఆయన నా వైపు తిరిగారు. "ఇంటికొచ్చేటట్టు లేదు బిడ్డా."

"అయితే మనమే పోదాం."

చిలకలగూడ వైపున్న ఆసుపత్రికి ఆటోలో వెళ్లాం. గది గుమ్మంలో అత్త అడ్డుపడింది. "పసిపిల్లను ఎందుకు తెచ్చిన్రు నాన్నా?" తాతయ్య ఆమెను దాటుకుని నన్ను లోపలికి తీసుకెళ్లారు. నానమ్మ ఎంత చిక్కిపోయిందంటే, గొంతు విన్నాకే ఆమేనని నమ్మాను. ఏం సినిమా చూసినవే అని అడిగింది. అంతా చెప్పాను, హాలు నవ్విన సంగతితో సహా. విని, తాతయ్య బోసి మణికట్టు మీద చేయి వేసింది.

"ఇంకా రిపేరు కాలేదా?"

ఆయన తల దించుకున్నారు.

"నేనేమన్న పిచ్చిదాన్నా? మన ఇంట్ల రిపేరుకు పోయింది ఏదన్న వాపస్ వచ్చిందా ఎప్పుడన్న?" అని నానమ్మే నవ్వింది. తాతయ్యా నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. చీకటిపడే దాకా నేను ఆమె పక్కనే ఉన్నాను. కునుకు తీసి లేచినప్పుడల్లా నా చేయి తడిమి, ఉన్నావా అని అడిగేది. ఉన్న నానమ్మా అనేదాన్ని. ఆ వారంలోనే ఆమె పోయింది.

మా అత్త పిల్లలకు అలాంటి సాయంత్రం దక్కలేదు. మమ్మల్నెందుకు తీసుకెళ్లలేదని వాళ్లు తల్లిని ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు.

ఇప్పుడు మా ఇంట్లో పెద్దదాన్ని నేనే. నా తలలోనూ అప్పుడే తెల్లవెంట్రుకలు కనిపిస్తున్నాయి. తల వంచని పొగరు నాకూ తాతయ్య నుంచే వచ్చిందని మా పిల్లలంటారు. నిజమే. కానీ వాళ్లకు కష్టమైన మాట చెప్పవలసి వచ్చినప్పుడు నేను నిలబడి చెప్పను. వాళ్లు ఎక్కడుంటే అక్కడ, దుమ్ములోనైనా సరే, పక్కన కూర్చునే చెబుతాను. చెప్పాక తొందరగా లేవను.