ఆగిపోయినంక ఏంది?

బూర్గంపాడు మార్కుకు ఏ వస్తువు ఎలా నడుస్తుందో అక్కర్లేదు, ఆగిపోయాక ఏం చేస్తుందో తెలియాలి. ఫ్యాను కొనడానికి పోతే గాలి వస్తోందా లేదా అని చూడడు. స్విచ్ కట్టేసి, రెక్కలు ఎంతసేపటికి ఆగుతాయో చూస్తూ కిందే నిలబడతాడు. పెళ్ళిచూపులకు పెద్దమనిషిగా తీసుకుపోతే, అందరూ పిల్లవాడి జీతం అడుగుతుంటే ఈయన మాత్రం "నౌకరీ ఆగిపోయినంక ఏంది?" అన్నాడు. ఆ తర్వాత ఆయన్ని ఎవరూ పెళ్ళిచూపులకు పిలవలేదు.

తప్పు ఆయనది కాదు, ఆయన పనిది. మార్కు శవపెట్టెలు చేసే వడ్రంగి. పాస్టరుగారికి జలుబు చేసినా కళ్ళతోనే కొలత తీసుకుంటాడని ఊళ్ళో ఎగతాళి. తన పెట్టె కూడా టేకుతో చేసి ఇంట్లో ఒక మూలన పెట్టుకున్నాడు. ఉత్తగా జాగా తింటోందని ఆయన భార్య లిదియా అందులో ఉల్లిగడ్డలు పోసింది. ఇంటికి వచ్చిన చుట్టాలు ఆ సంగతి తెలిశాక ఉల్లిగడ్డ లేని కూరే బాగుంటుందనేవారు.

లిదియా అడవి అంచున ఒక గూడెంలో అంగన్‌వాడీ టీచర్. రోజూ మార్కే మోపెడ్ మీద దించి వచ్చేవాడు. ఆమె ఆ మోపెడ్ నడిపింది ఒక్కసారే. పిడి తిప్పగానే అది దూకి, ఆమెను తీసుకుపోయి ఎవరిదో మిర్చి కల్లంలో పడేసింది. ఆ తుమ్ములు ఆదివారం ప్రార్థన దాకా ఆగలేదు. చిన్నప్పుడు నేర్చిన సైకిల్ తప్ప ఇక ఏ బండీ ముట్టనని ఒట్టు పెట్టుకుంది.

అలాంటిది ఒకరోజు మార్కు ఎలక్ట్రిక్ సైకిల్ కొంటానని ఆమెను ఖమ్మం బయల్దేరదీశాడు. ఆయనకు కొన్నాళ్ళుగా దగ్గు ఆగడం లేదు. దవాఖానాలో ఏమన్నారని అడిగితే "రంపపు పొట్టు" అని మాట దాటేస్తున్నాడు. ఈ మనిషికి ఇప్పుడు కొత్త బండి సోకు ఎందుకో లిదియాకు అర్థం కాలేదు.

షాపు జావీద్ మొదటి బండి ముందుకు తోశాడు. "ఫుల్ చార్జింగ్ పెడితే పొద్దంతా తిరగొచ్చు మార్కన్నా."

"ఆగిపోయినంక ఏంది?"

"పెడల్ ఉన్నది గదా. చార్జింగ్ ఉన్నంతసేపు నువ్వు తొక్కుతుంటే మోటారు సాయం చేస్తది. అయిపోతే ఉత్త సైకిలే."

మార్కు స్విచ్ కట్టేసి వీధి చివరిదాకా తొక్కాడు. వచ్చేటప్పుడు దగ్గుకుంటూ నడిపించుకొచ్చాడు. "మస్తు బరువు. ఇంకోటి చూపియ్యి."

రెండోది ఎక్కి పిడి తిప్పితే గుంజుకుని ఉరికింది. "గింత దూకుడా? మెల్లగ కదలాలె, పండుకున్న పిల్లను లేపినట్టు."

"అందరొచ్చి పికప్ కావాలంటరు. నువ్వొక్కనివే వద్దంటున్నవ్."

"నా గిరాకీలకు తొందరుండదు బిడ్డా."

చివరికి ఒక చిన్న బండి మెత్తగా కదిలింది. మార్కు మొహం వెలిగింది. కానీ ఆయన తాటిచెట్టంత మనిషి, మోకాళ్ళు పోయి హ్యాండిల్‌కు కొట్టుకుంటున్నాయి.

"ఇది నీకు పొట్టిగున్నదన్నా. సీటన్న లేపుత."

"ఇంకా దించు."

లిదియా సిగ్గుతో ఆయన చొక్కా పట్టి లాగింది. "ఏందయ్యా నీ పిచ్చి? సర్కస్ చేస్తవా దీనిమీద?"

"నేను తొక్కుతనని ఎవరన్నరు? నువ్వెక్కు."

ఆమె ఎక్కింది. రెండు పాదాలూ నేలకు సరిగ్గా ఆనాయి. టేపు లేకుండా కొలత తీయడం ఆయనకు కొత్త కాదు, కాకపోతే బతకడానికి పనికొచ్చే కొలత తీయడం ఇదే మొదలు.

"ఊపిరితిత్తులు ఇగ ఎక్కువ రోజులు పనిచెయ్యవన్నడు డాక్టరు," అన్నాడు మార్కు, సీటు తుడుస్తూ. "నేను ఆగిపోయినంక నువ్వు ఇంట్లో కూసుంటే, గూడెం పిల్లలకు గుడ్డు, అన్నం ఎవరు పెట్టాలె?"

లిదియాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఇన్నాళ్ళు దాచినందుకు నలుగురిలో తిడదామనుకున్నదల్లా పిడి తిప్పింది. బండి మెల్లగా కదిలింది. చుట్టుపక్కల మిర్చి కల్లాలేమీ లేవు గనుక వీధి చివరిదాకా పోయి క్షేమంగా తిరిగొచ్చింది.

వారం తిరక్కముందే ఆమె ఒక్కతే సంతకు పోయింది. మార్కు గుమ్మంలో నిలబడి దారి చూస్తుంటే, వెనక క్యారేజీ మీద బస్తా కట్టుకుని బెల్లు కొట్టుకుంటూ వచ్చింది. బస్తా విప్పి టేకు పెట్టెలో గుమ్మరించింది. మూత పడలేదు.

"గిన్ని ఉల్లిగడ్డలు ఎందుకే?"

"అగ్గువకొచ్చినయ్."

"మరి నేనేడ పండుకోవాలె?"

"మంచం మీద పండుకో. పెట్టె సంగతి ఇవి అయిపోయినంక చూద్దం."

మార్కు అలవాటు కొద్దీ అడిగేశాడు. "అయిపోయినంక ఏంది?"

"మళ్ళ తెస్త. బండున్నది గదా," అని లిదియా రెండు ఉల్లిగడ్డలు తీసుకుని వంటింట్లోకి పోయింది.