“ఉత్తగనే ఉంట” అన్న ఎల్లమ్మతో ఫ్యాక్టరీ గేటు దాకా

మా తమ్ముడి కూతురికి జడ్చర్ల దగ్గర కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. కొత్త షెడ్డు కట్టి ఇంకా మనుషుల్ని తీసుకుంటున్నారు. ఆమెకు కిరాయి గది చూసే పని నా మెడకు చుట్టుకుంది. నల్గొండలో ఆరింటికి బస్సెక్కి, మల్లేపల్లి, కల్వకుర్తి మీదుగా పదింబావుకు జడ్చర్లలో దిగాను. ఆడవాళ్ళకు ఆధార్ చూపిస్తే టికెట్ సున్నా. దారిపొడవునా పత్తి చేలే, ఆగి చూడాల్సినవేమీ లేవు.

ముందు ఫ్యాక్టరీ ఎంత దూరమో చూద్దామని బయల్దేరాను. గేటుకు షేర్ ఆటో ఇరవై రూపాయలు. పక్కన కూర్చున్న ఎల్లమ్మ చేతిలో ఖాళీ దరఖాస్తు ఉంది. “జర రాసియ్యుండ్రి మేడం, నా రాత మంచిగుండది” అంది. ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పినదాన్ని, కాగితం కనిపిస్తే చేయి ఊరుకోదు. పదో తరగతి పాసయిందట. ఇప్పుడేం పని చేస్తున్నావని అడిగితే “ఏం లేదు, ఉత్తగనే ఉంట” అంది. ‘గృహిణి’ అని గుండ్రంగా రాశాను.

“కొత్త షెడ్డు లేసిన కాడ మొన్నటిదాక మేత జాగ ఉండె” అన్నాడు డ్రైవర్.

“మా గొర్లు సగం అమ్మినం. గీ నౌకరి దొరక్కుంటే మిగిలినయి గూడ అమ్ముడే” అంది ఎల్లమ్మ. అప్పుడైనా నాకు తట్టలేదు.

గేటు దగ్గర బల్ల వేసుకుని కూర్చున్న ఉద్యోగి ‘గృహిణి’ మీద వేలు పెట్టాడు. “ఈడ ఎనిమిది గంటలు నిలబడాలమ్మా. ఇంట్ల ఉండి వచ్చినోళ్ళు నాలుగు దినాలకే పోతున్నరు” అని కాగితం పక్కన పెట్టేశాడు.

“నిలబడుడా సారూ? పదేండ్ల సంది గొర్ల ఎంబడి తిరుగుతున్న. పొద్దుగాల పోతే పొద్దుమీకినంకనే కూసునుడు.”

“మరి పని లేదన్నావేం? అందుకే గృహిణి అని రాశాను” అన్నాను.

“గొర్లు మేపుడు పనెట్లయితది మేడం? జీతమెవలిస్తరు?”

అతను కాగితం నా ముందుకు తోశాడు. “మీరు రాసింది మీరే కొట్టెయ్యుండ్రి మేడం.” కొట్టేసి, ‘గొర్రెల పెంపకం, పదేళ్ళు’ అని రాశాను. ఎల్లమ్మను సోమవారం ట్రైనింగుకు రమ్మన్నాడు.

జడ్చర్లలో మూడువేల ఐదువందలకు గది కుదిర్చి మూడింటి బస్సెక్కాను. ఇన్నేళ్ళూ పిల్లల తప్పులు దిద్దాను. నేను గుండ్రంగా రాసిన ఒక్క మాట ఆమె నోటి దగ్గర కూడు తీసేయబోయింది, ఆ సిగ్గు నల్గొండ దాకా వదల్లేదు. అటు వెళ్ళేవారికి ఒకటే సలహా. దారిలో ఎవరైనా దరఖాస్తు రాసిమ్మంటే ఏం పని చేస్తావని అడక్కండి. పొద్దున లేచి ఎక్కడికి పోతావని అడగండి.