రాజమండ్రి లెక్చరర్‌ను నేనే

తొర్రూరు బస్టాండు పక్కన నెట్ సెంటర్ల, మూడో నంబరు కంప్యూటర్ ముందర కూసొని నేనొక యుద్ధం చేసిన. వంద మందిని ఒక్కణ్నే ఎదుర్కొని అందరి నోళ్లు మూయించిన. ఇన్నేండ్ల సంది అందరికీ గిట్లనే చెప్పుకుంట వచ్చిన. వాళ్లు వంద మంది కాదు, పదిహేడు మంది. నోళ్లు కూడ మూతపడలె. కోపం మాత్రం నిజం. అది ఇప్పటికీ తగ్గలె.

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులు. ఆర్టీసీల కండక్టర్ చేసి రిటైరైన నేను, బస్సు లేని తొర్రూరును అప్పుడే చూసిన. బస్సులు తిరిగే రోడ్డు మీద పొయ్యిలు పెట్టిండ్రు. వంటావార్పు అంటే అదే. నడి రోడ్డు మీద అన్నం వండి, అక్కడనే వరుసగ కూసొని తినాలె. రాస్తా దానంతట అదే బంద్ అయితది. అట్లాంటి ఒక దినం మా అక్క నర్సింహులపేట నుంచి ఆటోల వచ్చింది. నాకంటె ఆరేండ్లు పెద్దది. పొయ్యి పక్కన వంకాయలు కోసుకుంట, ఎవరో అడిగితే నాట్లేసేటప్పటి పాట ఒకటి ఎత్తుకుంది. నడుమ నడుమ ఉద్యమం మాటలు తనే కలిపింది. సమ్మెల ఉన్న ఒక టీచరు దాన్ని సెల్లుల పట్టి, ఇంటర్నెట్ల వీడియోలు పెట్టే సైటుకు ఎక్కించిండు.

నెట్ సెంటర్ నడిపేది కిరాణా దుకాణపోళ్ల కోడలు. "బాపూ, మీ అక్క నెట్ల ఉన్నది, చూస్తవా?" అని పిలిచింది. నాలుగు నిమిషాల వీడియో. పొగ, వంకాయలు, మా అక్క గొంతు. నేను సంబురపడేలోపల ఆ పిల్ల బొమ్మను కిందికి జరిపింది. అక్కడ జనం రాసిన మాటలున్నయి. అంతా తెలుగే, అక్షరాలు మాత్రం ఇంగ్లీషువి. కూడబలుక్కొని చదివిన.

"ఇది ఏ భాషండీ? కింద తెలుగులో అర్థం వేయండి."

"పాడుతోందా, ఏడుస్తోందా?"

"ఈ ముసలమ్మని ఎవరైనా కామెడీ సినిమాలో పెట్టండ్రా."

"రెండో చరణంలో రాగం జారిపోయింది, ఆవిడకే తెలీలేదు."

నా చెవులల్ల మంట లేచింది. సినిమాల రౌడీకి మా మాట పెడతరు. తాగుబోతుకు మా మాట పెడతరు. హీరో నోట్లె మాత్రం పెట్టరు. డ్యూటీల ఉన్నప్పుడు "చెప్పుండ్రి" అంటే పండ్లు బయటపెట్టి నవ్విన ప్యాసింజర్లను ఎందరినో చూసిన. వాళ్లు తమ స్టేజీల దిగిపోయేటోళ్లు. వీళ్లు దిగేటోళ్లు కాదు, రాసిపెట్టి పోయేటోళ్లు.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. ఆ రోజులల్ల ఫోన్ ఎత్తితే హలో అనేది లేదు. ఎత్తంగనే జై తెలంగాణ, పెట్టేసేటప్పుడు కూడ జై తెలంగాణ.

"జై తెలంగాణ తమ్మీ. నా పాట చూసినోళ్లు ఏమంటున్నరురా?"

అక్కకు చదువు రాదు. జనగామ సభల పాడుమని అప్పటికే ఆమెను పిలిచిండ్రు, ఆమె ఇంకా ఒప్పుకోలె. బయటోళ్లకు నచ్చితెనే పోత, లేకుంటె మైకు ముందర నవ్వులపాలైత అంటుండె. నేనెట్ల చెప్పాలె?

"మస్తు మెచ్చుకుంటున్నరక్కా. రాజమండ్రి లెక్చరరు ఒకాయన, గిసోంటి గొంతు మా దిక్కు లేదని రాసిండు."

"ఆంధ్రోళ్లు కూడనా! అయితె జనగామకు పోత తమ్మీ."

ఆడిన అబద్ధాన్ని నిజం చేయాలె గద. తెల్లారి మూడో నంబరు ముందర కూసున్న. దుకాణపోళ్ల కోడలు నవ్వుకుంట దొంగ పేర్లతోటి ఖాతాలు తెరిచి ఇచ్చింది. రాజమండ్రి లెక్చరరు, గుంటూరు డాక్టరమ్మ, విశాఖపట్నం షిప్పు ఇంజనీరు. పది మంది వేషం కట్టిన అని అందరికీ చెప్పేది. ఏడుగురే. ఎనిమిదో మనిషి పాస్‌వర్డ్ యాది మర్చిన.

రెండు వేళ్లతోటి కొట్టి, ఏడుగురు ఏడు తీర్ల అక్కను పొగిడిండ్రు. ఏడుగురు కూడ ఆఖర్న "జై తెలంగాణ" అని రాసిండ్రు. నోటి అలవాటు వేళ్లకు దిగింది, నేను చూసుకోలె. మర్నాడు చూస్తె ఒకటే నవ్వులు.

"లెక్చరర్ గారూ, రాజమండ్రిలో ఉద్యమం ఎప్పుడు మొదలైంది?"

"డాక్టరమ్మా, ముందు లెక్చరర్ గారికి మందు వేయండి."

పదిహేడు మంది కాస్తా నలభై అయిండ్రు. అక్క మీద పడేదానికి నేనే తలుపు తీసి ఇచ్చిన.

జనగామ పోయే ముందు దినం ఇంకొక పొగడ్త కొడుతున్న. ఎనుకనుంచి అక్క గొంతు. ఎప్పుడొచ్చిందో, నేరుగ దుకాణపోళ్ల కోడలు దగ్గరికి పోయింది.

"బిడ్డా, నా పాట పెట్టు. కింద ఏం రాసిండ్రో చదువు."

ఆ పిల్ల నా దిక్కు చూసింది. వద్దని తల ఊపిన. అక్క నన్ను చూసింది.

"వాని దిక్కేంది చూసుడు, చదువు."

ఆ పిల్ల చదివింది. అన్నీ. ముసలమ్మ, కామెడీ, ఏడుపు, నా ఏడుగురు దొంగలు, వాళ్లెవరో కూడ. అక్క ఏడుస్తదనుకున్న. రాగం జారిందన్న మాట దగ్గర చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇది మళ్ల చదువు."

మళ్ల చదివింది.

"వీడు సరిగ్గ విన్నడు. పొగ గొంతుల పడి అక్కడనే జారిన," అని నా మీదికి తిరిగింది. "తిట్టినోడన్న విన్నడు. నువ్వు విన్నవారా? నాకు చెప్పొద్దా? గట్లనే జారుకుంట జనగామల పాడేదాన్ని గద!"

తెల్వలేదక్కా అన్న. ఇదొక్కటి ఇప్పటిదాక ఎవరికీ చెప్పలె: ఆ నాలుగు నిమిషాలు నేను వెతికింది, రోడ్డు మీద వరుసల కూసున్న జనంల నా మొఖం ఎక్కడన్న కనబడుతదా అని. కనబడలె.

"కూసో. నీ పేరు మీద రాయి," అన్నది. "ఆ ఏడుగురు నేనే అని ముందుగాల రాయి. తర్వాత వానికి నేను చెప్పింది చెప్పినట్టు రాయి: నువ్వన్నది నిజమే నాయినా, పొగ మింగిన. జనగామల సరిజేసి పాడుత. విని చెప్పు."

నా పేరు కొట్టేటప్పుడు సిగ్గుకంటె కోపమే ఎక్కువొచ్చింది. ఆ నలభై మందిల ఒక్కడు కూడ తన పేరు పెట్టలె.

జనగామల పాడింది. రెండో చరణం జారలె. జనమంతా లేచి నిలబడ్డరు అని ఊళ్లె చెప్పిన. వాళ్లు మొదటినుంచీ నిలబడే ఉన్నరు, కుర్చీలు లేకుండె. టీచరు ఆ పాట కూడ నెట్‌కు ఎక్కించిండు.

అప్పటినుంచి అక్క రోజూ ఫోన్ చేసి అడిగింది: "ఆ పాట తెలిసినోడు ఏమన్న రాసిండా?"

మంచి అబద్ధం ఒకటి నోట్లె తయారుగ ఉండేది. మింగిన. "లేదక్కా" అన్న. వాడు ఇప్పటిదాక రాయలె. తప్పు పట్టేటందుకు తీరిక దొరికింది, సరిజేసుకున్న ముసలిదానికి ఒక్క ముక్క రాసేటందుకు దొరకలె.