బావగారి నీలం బరకం

ఈ మధ్య ఒక పొద్దున రేపల్లె నుంచి ఫోనొచ్చింది. మా అమ్మాయి మావగారు, అంటే నా వియ్యంకుడు, నిద్రలోనే పోయాడు. తెనాలిలో బస్సెక్కి కూర్చున్నా నాకు ఏడుపు రాలేదు. ఆ మనిషికీ నాకూ ఏనాడూ పడలేదండి మరి.

మా అమ్మాయి బంగారం. నేను ఏడో క్లాసు దాటలేదు. అదేమో ఉపగ్రహాలు తీసిన ఫొటోలు కంప్యూటర్లో చూసి, ఎడారి ఎంత పెరిగిందో, నది ఎటు జరిగిందో చెప్పే ఉద్యోగం చేస్తుంది. ఈ మాట ఎవరికి చెప్పినా నా గుండె ఇంతవుతుంది. ఆయనకి మాత్రం కంటగింపు. నలుగురిలో కూర్చుని అనేవాడు: "ఇసక చూసినందుకు జీతమంట. బాపట్ల పోతే సూర్యలంక సముద్రం ఒడ్డున ఊరికే చూడొచ్చు."

ఒకసారి భోజనాల దగ్గర నా ఎదురుగానే ఆ ఫొటోలు చూపించమన్నాడు. అమ్మాయి ఫోనులో రాజస్థాన్ ఎడారి చూపించింది, కృష్ణ సముద్రంలో కలిసేచోటు చూపించింది. మీ నాన్న గుంటూరు జిల్లాకీ మా బాపట్ల జిల్లాకీ నడుమ గీత ఏదీ అన్నాడు. అది మనుషులు గీసుకున్నది, పైనుంచి కనపడదు మావయ్యగారూ అందది. "కనపడకపోయినా నాకు తెలుసులే" అని నావైపు చూశాడు.

తర్వాత నగరం అనే ఊరి దగ్గరున్న తన పొలం చూపించమన్నాడు. ముందురోజే అక్కడ మెరక మీద ధాన్యం ఆరబోయడానికి నీలం బరకం, అదే టార్పాలిన్ పట్టా, పరిచొచ్చాడు. ఫొటోలో బరకం లేదు. ఇది నెలల కిందటి ఫొటో, కొత్తది ఎప్పుడొస్తుందో చెప్పలేమని అమ్మాయి ఎంత చెప్పినా వింటేగా.

"మళ్లీ కోతల్లోపు నా బరకం కనపడితే ఉద్యోగం చేసుకో. లేదా మానెయ్."

నేను కంచంలోనే చెయ్యి కడిగేసి వచ్చేశాను. ఆయన ఉన్నన్నాళ్లూ మళ్లీ ఆ గడప తొక్కలేదు.

ధాన్యం ఎత్తేశాక కూడా ఆయన బరకం తియ్యలేదంట. గాలికి లేవకుండా మూలల మీద ఇటుకలు పెట్టాడంట. చిరిగితే కుట్టించి మళ్లీ పరిచాడంట. మబ్బులకి పక్కేస్తున్నావా బాబాయ్ అని పక్క పొలాల వాళ్లు నవ్వితే బూతులు తిట్టేవాడంట. అల్లుడు ఫోనులో ఇవన్నీ చెబుతుంటే, నా బిడ్డ ఉద్యోగం మాన్పించడానికి ఎంత పంతమో అని నేను పళ్లు నూరుకున్నాను.

నిన్న పెద్దకర్మకి వెళ్లినప్పుడూ ఆ మాటే అన్నాను. అమ్మాయి కళ్లు తుడుచుకుంది.

"మాన్పించాలనుకున్నవాడు బరకం మడిచి ఇంట్లో పెట్టుకుంటాడు గదా నాన్నా."

అది ఫోను తీసింది. కొత్త ఫొటో వచ్చిందంట. పచ్చటి చేల నడుమ, మెరక మీద, గోరంత నీలం. నాలుగు మూలలా సర్ది, ఎక్కడా ముడత లేకుండా.

కనపడింది బావగారూ.